ఆడపడుచు చీర

విజయనగరం పిన్ని మొన్నామధ్య శ్రీకాకుళంలో ఒక పెళ్లి భోజనాల దగ్గర ఎదురుపడింది. నన్ను చూసి నవ్వి, పక్క కుర్చీ మీద పెట్టుకున్న సంచి తీసి కింద పెట్టింది, వచ్చి కూర్చోమన్నట్టు. ఆ కుర్చీ ముందు వడ్డించి ఉన్న విస్తరి వదిలేసి, నేను అవతలి వరసలోకి వెళ్లి కూర్చున్నాను. ఇంటికొచ్చాక మా తమ్ముడు గొడవ పెట్టుకున్నాడు. నాలుగేళ్లు దాటిపోయినా ఇంకా పంతమేమిటని, నలుగురిలో పరువు తీశానని. నాలుగేళ్లు నాకొక లెక్క కాదు. ఇంటర్మీడియట్ చదివేటప్పుడు "ఏటి" అన్నందుకు నన్ను బెంచీ ఎక్కించి పదిసార్లు "ఏమిటి" అనిపించిన విశాఖపట్నం లెక్చరరు మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన చొక్కా జేబు మీది సిరా మరక కూడా గుర్తే. మర్చిపోవడం మంచి గుణమని చెప్పేవాళ్లంతా ఎప్పుడో ఎవరినో బాధపెట్టినవాళ్లే అయ్యుంటారని నా అనుమానం.

ఆ పిన్ని మాకు చుట్టం కాదు. విజయనగరంలో మాలాగే బ్యాటరీల దుకాణం వాళ్లది, మాకంటే పెద్దది. కంపెనీ వాళ్లు తీసుకెళ్లిన యాత్రలో అందరికంటే పెద్దావిడ కాబట్టి ఆడవాళ్లందరం పిన్నీ అన్నాం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లతో అయినా పది నిమిషాల్లో వరస కలిపేస్తాం మనం. అదేమీ ఖర్చు లేని పని అనుకుంటాం. నాకు మాత్రం ఖర్చయింది.

ముందు మా దుకాణం సంగతి చెప్పాలి. నాన్న పెట్టిన దుకాణం. లారీ బ్యాటరీలు, ఆటో బ్యాటరీలు, ఇన్వర్టర్లు అమ్ముతాం. నాన్న పోయాక బోర్డు మీద తమ్ముడి పేరు ఎక్కింది. పెళ్లయిన రెండేళ్లకు అత్తవారిల్లు వదిలి, కోర్టులో తెగతెంపులు చేసుకుని అరసవల్లి ఇంటికి తిరిగొచ్చిన నేను కౌంటర్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోలేదు. ఏ సెల్ పోయిందో, ఎవరు డిస్టిల్డ్ వాటరుకు బదులు కుళాయి నీళ్లు పోసి గ్యారంటీ అడుగుతున్నారో మూత తీసి చూసి చెప్పగలను. నా ఎడమ మణికట్టుకు పైన యాసిడ్ పడి కాలిన మచ్చ ఉంది. తమ్ముడి చేతుల మీద ఏ మచ్చా లేదు.

మా దగ్గరికి సాలూరు నుంచి లారీల వాళ్లు ఎక్కువగా వస్తారు. చాలామంది మంచివాళ్లే. కానీ మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడది కౌంటర్లో ఉందని తెలిస్తే కొందరి చూపు బ్యాటరీ మీద నిలవదు. అందుకని మొదటి నెలలోనే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. గడప ఎక్కిన ప్రతి మగవాణ్ణీ, అతను నోరు తెరవక ముందే, రండి అన్నయ్యా, ఏ బండికి అనేదాన్ని. అరవై ఏళ్లవాడూ అన్నయ్యే, ఇరవై ఏళ్లవాడూ అన్నయ్యే. ఆ మాట షట్టరు లాంటిది. దించేస్తే ఇక లోపలికి రాలేరు. ఎనిమిదేళ్లలో నా నోటికి అది ఎంత అలవాటైపోయిందంటే, ఎదుటి మనిషి మొహం చూడకుండానే వచ్చేసేది.

హుద్‌హుద్ తుఫాను వెళ్లాక మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో కూర్చున్నవాళ్లందరూ తర్వాత ఇన్వర్టర్లు కొన్నారు. కంపెనీ పెట్టిన టార్గెట్ దాటేశాం. దానికి బహుమానంగా మరుసటి ఏడు ఆషాఢంలో, వ్యాపారాలు మందకొడిగా ఉండే రోజులు చూసి, మలేషియా యాత్ర. దుకాణానికి రెండు టిక్కెట్లు. అమ్మింది నేను, టిక్కెట్లు తమ్ముడికీ మరదలికీ. మరదలికి ఏడో నెల రావడంతో ఆమె టిక్కెట్టు నాకు దిగింది. అప్పుడు మా మరదలు అన్న మాట ఇది.

"ఒదిన్నే తీసుకెల్లండి. ఆవిడ కోసం ఎదురు సూసేవోల్లు ఎవులున్నారు గనక."

పాపం, జాలితో అన్నదని తమ్ముడు అంటాడు. జాలితో అన్న మాటల్నే నేను ఎక్కువ గుర్తుపెట్టుకుంటాను.

తొమ్మిది దుకాణాల నుంచి పద్దెనిమిది మందిమి వెళ్లాం. కౌలాలంపూర్ విమానాశ్రయం బయట మాకోసం చిన్న బస్సు ఉంది. దాన్ని నడిపేదీ, ఊళ్లు చూపించేదీ ఒకతనే. తెలుగు వచ్చిన మనిషి కావాలని ఏజెంటు వెతికి పెట్టాడట. నలభై ఏళ్లుంటాయి. బక్కగా, పొడుగ్గా, చెవుల దగ్గర కాస్త నెరిసి ఉన్నాడు. మా సామాన్లు అందుకుంటూ అడిగాడు.

"పెయాణం బాగా సాగినాదా? మీకాడ వానలు పడతన్నాయా?"

నేను నిలబడిపోయాను. అది మా నాన్నమ్మ మాట. లెక్చరరు నా నోట్లోంచి పీకేసిన మాట. శ్రీకాకుళంలో బ్యాంకుకి వెళ్తే, ఆసుపత్రికి వెళ్తే మేమే దాచుకునే మాట. అతని ముత్తాత కళింగపట్నంలో ఓడ ఎక్కి రబ్బరు తోటల్లో కూలికి వచ్చాడట. నాలుగు తరాలు గడిచినా అక్కడి వాళ్లు ఆ మాటను మార్చుకోలేదు. మార్చుకోమని సిగ్గుపరిచేవాళ్లు అక్కడ లేరు కాబోలు.

బస్సు కదిలాక వెనక సీట్లోంచి పిన్ని గొంతు వినిపించింది. "మా ఇంట్లో అంట్లు తోమే మనిషి అచ్చం ఇలాగే మాట్లాడుతుంది." అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో టెక్కలి వాళ్లున్నారు, పలాస వాళ్లున్నారు. ఇంట్లో వాళ్ల అమ్మలు ఏ తెలుగు మాట్లాడతారో నాకు తెలీదా? అతనికి వినబడింది. ముందున్న అద్దంలో అతని మొహం చూశాను. రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు.

మర్నాడు పొద్దున హోటలు ముందు బస్సు స్టార్టు కాలేదు. తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంటోంది. మగవాళ్లు తొమ్మిది మందీ బ్యాటరీల వ్యాపారులే. ఒక్కరూ ఒళ్లు వంచలేదు. ఏజెంటుకు ఫోన్ చెయ్యమని, వేరే బస్సు తెప్పించమని సలహాలిచ్చారు. నేను దిగి మూత తీయించాను. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా చిలుము గడ్డకట్టి ఉంది. బ్యాటరీలో ఏ లోపమూ లేదు, కరెంటు బయటికి దాటడం లేదు, అంతే. దాని మీదే చూపు పెట్టి, తల ఎత్తకుండా, కౌంటర్లో అన్నట్టే అనేశాను.

"అన్నయ్యా, లోపలి నుంచి మరిగిన నీళ్లు తెప్పించు."

చుట్టూ నిలబడిన అందరూ విన్నారు. అది నేను చేసిన తప్పు. నా లెక్కలో ఇంకొకరి తప్పులు చాలా ఉన్నాయి కానీ ఇది నాదే, దీన్ని ఎవరి మీదా తొయ్యను.

మరిగే నీళ్లు పోస్తే చిలుము కరిగిపోయింది. తుడిచి, బిగించి, గ్రీజు దొరక్క పిన్ని సంచిలోని కొబ్బరినూనె తీసి పూశాను. తాళం తిప్పగానే బస్సు అందుకుంది. అతను కిందికి దిగి వచ్చి నా చేతుల వంక చూశాడు.

"బేటరీలకి మంతరమేస్తావేటి నువ్వు?"

"మంతరం కాదు, ఏన్నీల్లు," అన్నాను. పరాయి మనిషి ముందు నా నోటి నుంచి ఆ మాట అలా రావడం ఇంటర్మీడియట్ తర్వాత అదే మొదలు. అతను నవ్వాడు. వెక్కిరించడానికి కాదు. ఆ తేడా నాకు బాగా తెలుసు.

మూడో రోజు కొండ మీదికి వెళ్లే దారిలో నాకు కడుపులో తిప్పేసింది. తన పక్క సీట్లో కూర్చోబెట్టాడు, ఎదర కూర్చుంటే తిప్పదని. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, మర్నాడు కూడా అక్కడే కూర్చున్నాను. భార్య చనిపోయి ఐదేళ్లయిందని, పిల్లలు లేరని, తల్లితో ఉంటున్నానని చెప్పాడు. నా సంగతి అడగలేదు. ఎవరైనా నన్ను చూడగానే అడిగే మొదటి ప్రశ్న మీవారేం చేస్తారని. రెండోది, అయ్యో ఏం జరిగిందని. అతను అడిగింది ఒక్కటే, చేతి మీద ఆ మచ్చేటని. చెప్పాను. తన మోచేతి మీద రేడియేటరు నీళ్లు పడి కాలిన మచ్చ చూపించాడు.

కళింగపట్నం గురించి మాత్రం పదేపదే అడిగాడు. వాళ్లింట్లో అది కథలో ఊరట. పిల్లలు అల్లరి చేస్తే ఓడెక్కించి కళింగపట్నం పంపించేస్తానని బెదిరించేవారట. నిజంగా ఉన్నాదా ఆ ఊరు అని చిన్నపిల్లాడిలా అడిగాడు. ఉంది అన్నాను. వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుక ఉందని, లైట్‌హౌస్ ఉందని, ఓడలు మాత్రం ఇప్పుడు లేవని, పడవలున్నాయని, ఒడ్డంతా చేపలు ఆరబెడతారని, ఆ వాసన నాలాంటి వాళ్లకు పడదని చెప్పాను. అన్నీ విని, వాళ్ల ముత్తాత ఓడెక్కిన ఒడ్డును ఒక్క ఫోటో తీసి పంపమన్నాడు. నంబర్లు రాసుకుని, పంపిస్తానన్నాను. మాట ఇస్తే నేను తప్పను. ఈ ఫోటో సంగతి మళ్లీ చెప్తాను.

నాలుగో రోజు అందరూ ఒక పెద్ద షాపింగ్ మాల్‌లోకి వెళ్లారు, చాక్లెట్లకీ సెంటు సీసాలకీ. నాకు కొనిపెట్టాల్సినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, మరదలి భాషలో చెప్పాలంటే, నేను బస్సు దగ్గరే ఉండిపోయాను. అతను రెండు బొండాలు తెచ్చాడు. నీడన నిలబడి తాగాం. తాగడం అయ్యాక ఖాళీ బొండం నా చేతిలోంచి తీసుకోబోయి, చెయ్యే పట్టుకున్నాడు. మచ్చ మీద బొటనవేలు పెట్టి అలా ఉంచాడు. నేను తీసుకోలేదు. ముప్పై మూడేళ్లు నాకు. అంతకుముందు నా చెయ్యి పట్టుకున్నవాడు పురోహితుడు చెప్తే పట్టుకున్నాడు.

"ఉండిపోతావేటి?" అన్నాడు. "మా ఊర్లో లారీలు సానా ఉన్నాయి. బేటరీ పని తెలిసినోల్లు ఎవులూ లేరు."

"ఇలాగేటి అడగడం," అన్నాను.

"మరెలాగ అడగాలి?"

"పెద్దోల్లు అడగాలి."

మర్నాడు మేమందరం వాళ్ల ఇంటికి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాలి. అది యాత్రలో భాగం కాదు, తన ముత్తాత ఊరివాళ్లమని అతనే పిలిచాడు. నువ్వొచ్చినాక, నిన్ను సూపించే అమ్మతో సెప్తాను అన్నాడు. సరే అన్నాను. నా మొదటి పెళ్లికి నన్నెవరూ ఏమీ అడగలేదు కాబట్టి సరే అనే అవసరం రాలేదు. నా బతుకు గురించి నేను అన్న మొదటి సరే అది.

తలెత్తితే మాల్ అద్దం తలుపు దగ్గర రెండు చేతులా సంచులతో పిన్ని నిలబడి ఉంది. నా చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. బస్సెక్కాక నాకొక చాక్లెట్ ఇచ్చింది. ఆ మనిషి నోరు మూసుకుందంటేనే నేను జాగ్రత్త పడవలసింది.

వాళ్ల ఊరు పామాయిల్ తోటల మధ్య ఉంది. రేకుల కప్పు, చెక్క గోడలు, వాకిట్లో మునగ చెట్టు. అతని తల్లికి డెబ్భై పైనే. మేం మాంసం తినమని తెలిసి, మాకోసం కొత్త గిన్నెలు కొని, ఉల్లిపాయ కూడా తగలకుండా వండింది. పనసకాయ కూర, పప్పు, గుమ్మడికాయ పులుసు. అయినా మా వాళ్లలో నలుగురు విస్తరి ముందు కూర్చోలేదు. ఒకరికి అజీర్తి, ఒకరికి తలనొప్పి, పిన్నికి ఉపవాసం. కూలికి వచ్చినవాళ్ల ఇంట్లో తినకూడదని ఎవరూ పైకి అనలేదు. తీరా చూస్తే, ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టని పిన్ని వంటింట్లోకి మాత్రం వెళ్లింది, పెద్దావిడకు సాయం చేస్తానని.

నేను వసారాలో కూర్చున్నాను. అతను వడ్డిస్తూ మధ్యమధ్యలో నా వైపు చూస్తున్నాడు, ఇప్పుడా, ఇంకాసేపు ఆగాలా అన్నట్టు. భోజనాలు అయ్యాక అన్నట్టు నేను తల ఊపాను. అది కూడా ఒక తప్పేమో. అప్పుడే చెప్పెయ్యమని ఉంటే పిన్ని కంటే ముందు చేరేవాళ్లం.

పిన్ని పెద్దావిడ భుజం చుట్టూ చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చింది. పెద్దావిడ కళ్లు తడిగా ఉన్నాయి. చేతిలో పళ్లెం. పళ్లెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు, అరటిపళ్లు, చిలకాకుపచ్చ చీర. ఎన్నేళ్ల నుంచి దాచిందో, మడతల్లోంచి కలరా ఉండల వాసన వస్తోంది.

"నాకు ఆడపిల్లల్లేరు తల్లీ," అంది. "మావోన్ని అన్నయ్యా అని పిలిసినావంట గదా, ఈవిడ సెప్పినాది. ఇన్నాల్లకి మా ఇంటికో ఆడపడుసొచ్చినాది."

తర్వాత కొడుకును పిలిచి పళ్లెం అతని చేతుల్లో పెట్టింది. "నీ సెల్లికి నువ్వే పెట్టు."

మా ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. కాబోయే కోడలికి అత్తగారు పెడుతుంది. ఆడపడుచుకు అన్నదమ్ముడి చేత పెట్టిస్తారు. చీర అదే, పసుపు అదే, కుంకుమ అదే. ఇచ్చే చెయ్యి మారితే మొత్తం మారిపోతుంది. ఒకసారి పెట్టించుకున్నాక దానికి మందు లేదు. పెట్టిన పసుపు కుంకుమను కాదనకూడదు కూడా. ముఖ్యంగా నాలాంటిది కాదనకూడదు. మొగుడూ వద్దంది, పసుపు కుంకుమా వద్దంది అంటారు.

అతను పళ్లెం పట్టుకుని నా ఎదుట నిలబడ్డాడు. నేను అతని మొహంలోకి చూశాను. ఒక్క మాట చాలు. అమ్మా, ఇది కాదు అంటే చాలు. అక్కడ ఆ మాట అనగలిగినవాడు అతనొక్కడే, ఆ ఇల్లు అతనిది, ఆ అమ్మ అతని అమ్మ. అతను నా వైపే చూస్తూ నిలబడ్డాడు. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లు చేతులు కడుక్కోకుండా చూస్తున్నారు. మా తమ్ముడు మాత్రం తలవంచుకుని పనసకాయ కూర మారు వడ్డించుకుంటున్నాడు.

"తీసుకోమ్మా, అన్నయ్య ఇస్తున్నాడు," అంది పిన్ని.

నేను కొంగు పట్టాను. అతను చీర నా కొంగులో పెట్టాడు. పళ్లెం అంచు నా మచ్చకు తగిలింది. పెద్దావిడ నా నుదుట బొట్టు పెట్టి, నా తల తన గుండెకు ఆనించుకుని ఏడ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. రాదు. అది నాకు ఇంకా కోపం.

తిరుగు దారిలో నన్ను ముందు సీట్లో కూర్చోనివ్వలేదు. పిన్ని తన పక్కన చోటు ఉంచింది. కొంత దూరం వెళ్లాక నా చెవి దగ్గరికి వంగింది.

"పోన్లే. పరాయి దేశంలో నీకొక పుట్టిల్లు దొరికింది."

ఆ వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆవిడ నోట్లోని వక్కపొడి వాసనతో సహా.

ఆ సాయంత్రమే విమానం. విమానాశ్రయం ముందు అతను పద్దెనిమిది మంది సామాన్లూ ఒక్కొక్కటే దించాడు. నా పెట్టె చివరికి దించాడు. అది చివర లేదు, నేను చూశాను, మధ్యలో ఉన్నదాన్ని పక్కకు పెట్టి చివరికి ఉంచాడు. అందరూ అక్కడే గుంపుగా నిలబడ్డారు. ఒక్కరైనా నాలుగడుగులు పక్కకు వెళ్తే ఏం పోయేది? అతను పెట్టె పిడి నా చేతికి అందిస్తూ, "ఎల్లొస్తావా?" అన్నాడు. మళ్లీ వస్తావా అనే అర్థంలోనే అడిగాడని నాకు తెలుసు. నేను అతని కళ్లలోకి చూసి, అందరికీ వినబడేలా చెప్పాను.

"ఎల్లొస్తాను అన్నయ్యా."

కావాలనే అన్నాను. చీర పెట్టగలిగినవాడివి పెట్టావు, ఇక అన్నయ్యా అనే పిలిపించుకో అని. అతని చెయ్యి పెట్టె పిడి మీద ఒక్క క్షణం అలాగే ఉండి, తర్వాత వదిలేసింది. లోపలికి వెళ్లి, అద్దాల్లోంచి వెనక్కి చూస్తే బస్సు ఇంకా అక్కడే ఉంది. అతను దాని ముందు మూత ఎత్తి, లోపలికి వంగి ఉన్నాడు. ఆ బ్యాటరీకి ఏ జబ్బూ లేదు. నాకు తెలుసు, బాగుచేసింది నేనే.

విమానంలో నేను ఏడుస్తుంటే తమ్ముడు కాగితం రుమాలు ఇచ్చాడు. ఊరుకోమని చెప్తూ అసలు సంగతి బయటపెట్టాడు.

"పిన్నితో నేనే సెప్పానక్కా, ఏదో ఒకటి సెయ్యమని. నేకపోతే రేపు శ్రీకాకుళంలో తలెత్తుకోగలమా?"

మంచి పని చేసినవాడిలా చెప్పాడు. రుమాలు వాడికే తిరిగి ఇచ్చేశాను.

తిరిగొచ్చాక మొదటి రోజు దుకాణం తెరిచాను. సాలూరు లారీ అతను ఎవరో గడప ఎక్కాడు. నోటి చివర దాకా వచ్చిన మాట మింగేశాను. ఏం కావాలండీ అన్నాను. ఆ రోజు నుంచి కౌంటర్లో ఎవరినీ అన్నయ్య అనలేదు. అప్పుడప్పుడు ఎవడో ఒకడి చూపు అడ్డంగా తిరుగుతుంది. తిరగనీ. తమ్ముడు రెండుసార్లు చెప్పి చూశాడు, పాత ఖాతాదార్లు ఏటమ్మా మారిపోయినావని అడుగుతున్నారని. నీ దుకాణం కదా, నువ్వు కూర్చుని పిలువు అన్నాను.

మధ్యాహ్నాలు దుకాణంలో ఎవరూ ఉండరు. అప్పుడు చాలా కష్టంగా ఉండేది. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోస్తూ, మనసులో అతనితో మాట్లాడేదాన్ని, మా నాన్నమ్మ మాటలోనే. మామూలు విషయాలే. ఈ రోజు వాన పడింది, సోంపేట నుంచి ఒకడొచ్చి ఉత్తిపుణ్యానికి గ్యారంటీ అడిగాడు, అలాంటివి. ఆ మాట మాట్లాడడానికి నాకు ఇంకెవరూ లేరు. ఇంట్లో పుట్టిన పాపకు మరదలు "ఏమిటి" అని నేర్పుతోంది. అతను ఫోనుకు పండగలకూ పబ్బాలకూ దండం బొమ్మలు పంపేవాడు. నేను చూసి ఊరుకునేదాన్ని. ఒకసారి మాత్రం, ఫోటో తీసినావా అని రాశాడు. దానికీ జవాబివ్వలేదు.

చీర బీరువాలో ఉంది. ఇంట్లో ఏ పేరంటం జరిగినా మరదలు మొదలుపెట్టేది, ఒదినా, మీ మలేషియా పుట్టింటోల్ల సీర కట్టుకోండి అని. రెండేళ్లు భరించాను. ఒక రోజు ఆ చీర తీసి, మడత విప్పకుండానే గుడ్డ సంచిలో కుట్టి, ఏజెంటును అడిగి తెలుసుకున్న అతని చిరునామా రాసి, పోస్టాఫీసుకు తీసుకెళ్లాను. లోపల ఏముందో రాయాలన్నాడు గుమాస్తా. చీర, కట్టనిది అని రాశాను. కారణం రాసే గడి లేదు. ఉంటే రాసేదాన్ని.

నెల దాటాక, ఒక పొద్దున్న ఫోను మోగింది. కౌంటర్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"సీర తిరిగొచ్చినాది," అన్నాడు.

అమ్మకు చూపించావా అని అడిగాను. లేదట, బస్సు సీటు కింద దాచాడట. ఆ గొంతు వినగానే నాలో రెండేళ్ల నుంచి పేరుకున్నదంతా బయటికొచ్చింది. పిన్నితో మొదలుపెట్టి తమ్ముడి దాకా, వెనక సీటు నవ్వు నుంచి విమానాశ్రయం దాకా, ఒక్కటీ వదలకుండా వరసగా చెప్పాను. చివరికి అతని దగ్గరికి వచ్చాను. పళ్లెం పట్టుకుని నిలబడ్డావు, నోరు పడిపోయిందా అన్నాను. అతను అంతా విన్నాడు.

"నువ్వు కొంగు పట్టవనుకున్నాను," అన్నాడు. "పట్టకపోతే అమ్మతో సెప్పేద్దారని నోటి దాకా ఒచ్చినాది."

"నువ్వు పెట్టవనుకున్నాను నేను."

"మరి పట్టినావు గదా."

"పెట్టింది నువ్వు."

అవతల బస్సు ఇంజను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది. అప్పుడు చెప్పాడు, వాళ్లమ్మ సంబంధం చూసిందని, నెలాఖరుకు ముహూర్తమని. ఆవిడ మంచిదేనట, బడిలో వంట చేస్తుందట.

"ఇప్పుడు సెప్పు," అన్నాడు. "ఆపీమంటే ఆపీస్తాను. అమ్మకి ఈ సీర సూపించి, జరిగినదంతా సెప్తాను."

అతను ఏం అడుగుతున్నాడో నాకు అర్థమైంది. ఆ మాట కోసమే రెండేళ్లు మధ్యాహ్నాలు కూర్చున్నాను. అయినా, ఆ రోజు నేను కొంగు పట్టి నిలబడినప్పుడు పడ్డ అవమానం ముందు తేలాలి కదా. అది తేలకుండా మిగతా బతుకు ఎలా మొదలుపెడతాను?

"ముందు తప్పు నీదని ఒప్పుకో," అన్నాను.

"ఇద్దరిదీ."

"నీదే."

అతను అరవలేదు, విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు ఇంకో ఫిర్యాదు దొరికేది. "సర్లే, బాగుండు," అన్నాడు. నేను ఏదో అనేలోపు ఫోను ఆగిపోయింది. మళ్లీ అతను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. నెలాఖరు వచ్చింది, వెళ్లింది.

తర్వాతి ఆదివారం దుకాణం మూసి, బస్సెక్కి కళింగపట్నం వెళ్లాను. ఇచ్చిన మాట ఒకటి మిగిలి ఉంది. ఎండు చేపల వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నీళ్ల దాకా నడిచాను. ఓడలు ఎక్కడ ఆగేవని వలలు బాగుచేస్తున్న ఒకాయన్ని అడిగితే, ఎవులికి తెలుసమ్మా, అదంతా నీరే అని చేత్తో చూపించాడు. ఆయన చూపించిన వైపే ఫోటో తీశాను. ఇసుక, రెండు పడవలు, ఆ వెనక సముద్రం. బాగానే వచ్చింది.

పంపలేదు. ఆ తర్వాత నేను రెండు ఫోన్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ దుకాణం కుర్రాళ్లకు ఇవ్వకుండా నేనే దగ్గర కూర్చుని ఆ ఫోటోను పాత దాంట్లోంచి కొత్త దాంట్లోకి ఎక్కించుకున్నాను. అతని నంబరు కూడా. తప్పు తనదేనని ఒక్క మాట రాస్తే చాలు, ఆ నిమిషమే పంపిస్తాను.